అత్త కుడిభుజం

అత్తాకోడళ్ళు కొట్టుకోవడం లోకంలో కొత్తేమీ కాదు. కాకపోతే అందరూ ఇంట్లో కొట్టుకుంటారు, వీళ్ళిద్దరూ బస్సెక్కి వెళ్ళి మరీ కొట్టుకునేవాళ్ళు. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ, వీళ్ళు సంచులు తగిలించుకుని మెట్లు దిగడం చూసినప్పుడల్లా మిషను ఆపి, "ఏం వదినా, ఇల్లు ఇరుకైందా?" అని అడిగేది. "ఇల్లు కాదమ్మా, గోడలు పాతవి, కూలతాయని భయం" అని అత్త జవాబు. మొదట్లో ఈ మాటకి ముగ్గురూ నవ్వేవాళ్ళు. పోను పోను అత్త ఆ జవాబు నడుస్తూనే చెప్పేది, ఆవిడ మిషను ఆపకుండానే అడిగేది.

వాళ్ళు వెళ్ళేది ఒక టైర్ల కొట్టు మీదున్న హాలుకి. కింద పగలంతా రబ్బరు కాలుతుంది, ఆ వాసన మెట్లెక్కి హాల్లో కాపురం పెట్టింది. నేలంతా నీలం మ్యాట్లు, గోడ వారగా పొడుగాటి బల్ల, కిటికీ పక్కన ఒక ఫ్యాను. మాస్టారు పగలు ఆ కొట్లోనే టైర్లు విప్పి బిగిస్తాడు. సాయంత్రం చేతులు కడుక్కుని పైకొచ్చి జనానికి జుజిట్సు నేర్పుతాడు. కుస్తీకి దూరపు చుట్టం అనుకోండి. గుద్దడాలూ తన్నడాలూ ఉండవు. పట్టుకోవడం, పడెయ్యడం, కీలు దగ్గర మెలిపెట్టి చాలనిపించడం, అంతే.

చాలు అనడానికి అక్కడ నోరు అక్కర్లేదు. అరచేత్తో రెండుసార్లు తట్టాలి, నేల మీదో అవతలి మనిషి ఒంటి మీదో. తట్టగానే వదిలెయ్యాలి. ఎందుకు తట్టావు, అప్పుడేనా, నొప్పెట్టిందా అని ఎవరూ అడగరు. అది ఆ హాలు మర్యాద. ఎంత మంచి మర్యాదో చూడండి, దాని చాటునే అత్త చాలాకాలం నెట్టుకొచ్చింది.

మొదట చేరింది కోడలు. పార్సిళ్ళ గోడౌన్లో పని, తెల్లారకముందే షిఫ్టు. ఆ మసక చీకట్లో బస్‌స్టాపు దాకా ఒక్కతే నడవాలి. మొగుడు లారీ మీద పోతే వారాల తరబడి రాడు. "ఏదైనా నేర్చుకోవే, నాకు ధైర్యంగా ఉంటుంది" అన్నాడు వాడు ఫోన్లో. తన ధైర్యం కోసం పెళ్ళాన్ని కుస్తీకి పంపే మొనగాణ్ణి కన్నానని అత్త అప్పట్లో అందరికీ చెప్పుకుంది. హాల్లో అందరూ మగాళ్ళే కావడంతో తోడుగా వెళ్ళి బల్ల మీద కూర్చునేది. మాస్టారికి ఊరికే కూర్చున్న మనిషిని చూస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "ఎటూ వచ్చారు కదమ్మా, ఒక చెయ్యి వెయ్యండి. పిల్లకి ఆడ జోడీ లేదు" అన్నాడు. ఆయన నోరు మూయిద్దామని లేచింది. ఆ లేవడం లేవడం మళ్ళీ కూర్చోలేదు. ఏళ్ళు గడిచి, కొత్తగా చేరినవాళ్ళకి కట్టే ఆవిడ తెల్ల బెల్టు ఉతికి ఉతికి గోనెసంచి రంగుకొచ్చింది. అక్కడందరికీ ఆవిడ పెద్దమ్మ అయిపోయింది.

కోడలికి చేతులు పొట్టి, కాళ్ళు గట్టి. అందుకే ఆమెకి అబ్బిన పట్టు కూడా కాళ్ళతో పట్టేదే. ఆమె వెల్లకిలా పడుకుంటుంది. అత్త ఎదురుగా మోకాళ్ళ మీద ఉంటుంది. ఇద్దరి మధ్యా కోడలి పాదాలు కంచెలా అడ్డం. ఓపెన్ గార్డ్ అంటాడు దాన్ని మాస్టారు. అక్కణ్ణుంచి ఒక పాదం అత్త తుంటికి ఆనించి, అత్త కుడి మణికట్టు దొరకపుచ్చుకుని, నడుం పక్కకి జరిపి, ఎడమ కాలు అత్త భుజం మీదుగా తిప్పి చేతి మీద పడేస్తుంది. చెయ్యి కాలి కింద ఇరుక్కుంటుంది. అప్పుడు లేచి కూర్చుంటుంది. కూర్చుని ముందుకు వంగితే చెయ్యి వెనక్కీ పైకీ తిరిగి, భుజం కీలు ఇక నా వల్ల కాదంటుంది. అత్త తడుతుంది. చూడ్డానికి శుభ్రంగా మడతపెట్టిన దుప్పటిలా ఉండేది. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మాస్టారు పిలిచి మరీ చూపించేవాడు.

దుప్పటంటే గుర్తొచ్చింది, అత్త పని ఆస్పత్రి లాండ్రీలో. తడి దుప్పటి కొసలు రెండూ పట్టుకుని, తల మీదికెత్తి ఒక్క విదుపు విదిపి, ఇస్త్రీ చేసే వేడి రోలరు నోటికి అందించాలి. పొద్దంతా అదే పని. కోడలు ఈ పట్టు మొదలుపెట్టిన చలికాలమే ఆ విదుపులో కుడి భుజం కలుక్కుమంది. రేపటికి పోతుందిలే అనుకుంది. రేపులు చాలా వచ్చాయి, అది పోలేదు. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చేసరికి లోపల గొళ్ళెం పడ్డట్టు ఆగిపోయేది. జుట్టు ముడి ఎడం చేత్తో వేసుకోవడం నేర్చుకుంది. రోలరు దగ్గర ఎడం చెయ్యి పైకి, కుడి చెయ్యి వెనకాల, ఎలాగోలా లాక్కొచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే కోడలు హాలుకి తీసుకెళ్ళదు, అదీ అసలు భయం. పైకి అనుకునే మాట కాదు గానీ, భర్త పోయాక ఆవిడ ఒంటి మీద మనిషి చెయ్యి పడిందంటే బస్సులో తోపులాటలోనే. ఇంట్లో కోడలూ తనూ మెట్ల మీద ఎదురుపడే మనుషులు. గ్యాసు కట్టేశావా, తాళం ఎక్కడ పెట్టారు, అవే మాటలు. హాల్లో మాత్రం ఓ గంటసేపు ఒకరి మీద ఒకరు బరువేసుకుని రొప్పేవాళ్ళు. కోడలి చెమట ఆవిడ మెడ మీద కారేది. తిరిగొచ్చే బస్సులో ఆ పిల్ల ఆవిడ భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోయేది. ఒళ్ళు హూనమైపోయినా సరే, ఆ గంట కోసమే ఆవిడ రోజంతా దుప్పట్లు విదిపేది. అందుకని కోడలి కాలు మీద పడి, ఆ పిల్ల లేచి కూర్చునీ కూర్చోగానే, గొళ్ళెం పడే చోటుకి వెంట్రుకవాసి ముందే తట్టేసేది. ఎందుకు తట్టావని అడిగేవాళ్ళు లేరు కదా.

మధ్యలో వంటింట్లో ఓ యుద్ధం జరిగింది. అత్త పనినుంచి వచ్చి చూస్తే పై అరలో ఉండాల్సిన టీపొడి, చక్కెర, ఉప్పు డబ్బాలన్నీ కింది అరలోకి దిగి ఉన్నాయి. పై అరలో ఎవరికీ అక్కర్లేని సొట్టగిన్నెలు.

"ఎవరు మార్చారివన్నీ?"

"నేనే అత్తయ్యా. కిందైతే వీలుగా ఉంటుందని."

"ఎవరికి వీలు?"

కోడలు స్టవ్ వైపు తిరిగింది. అత్తకి ఒళ్ళు మండింది. తను కాపురానికొచ్చిన కొత్తలో తన చేత్తో సర్దుకున్న అర అది. ఆ పూట గిన్నెలు కాస్త గట్టిగానే తోమింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు, కోడలి మీద కోపమూ అక్కడికే పోతుంది, దుత్తకి ఎటూ సుఖం లేదు. రెండు మూడు పూటలు మొహం మాడ్చుకుని తిరిగింది. డబ్బాలు మాత్రం కిందే ఉండిపోయాయి. వాటిని మళ్ళీ పైకెక్కించాలంటే భుజం ఒప్పుకోవాలిగా.

ఇంతలో మాస్టారు ఆడవాళ్ళ బ్యాచి పెడదామనుకున్నాడు. నేర్పే పని కోడలికే ఇస్తానన్నాడు, కాకపోతే ముందు నేర్పే అర్హతకి గుర్తుగా ఊదారంగు బెల్టు కట్టించుకోవాలి. ఆయన ఊరికే కట్టేరకం కాదు. నీకు బాగా వచ్చిన పట్టు ఒకటి, వేరే హాలు మనిషి మీద, ఆ మనిషి బలమంతా పెట్టి ఎదురు తిరుగుతుంటే పట్టి చూపించాలి. అదే ఆయన పరీక్ష. ఆ మాట విన్నరోజు కోడలు బస్సులో నిద్రపోలేదు.

"మా గోడౌన్లో పాతావిడ ఉంది చూశారూ, ఆవిడ ఇప్పుడు నిటారుగా నిలబడలేదు అత్తయ్యా. ఇది వస్తే నేనా పని మానెయ్యొచ్చు" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ మాట అత్తకి లోపల దిగబడిపోయింది. లాండ్రీ తన భుజం తినేసింది. గోడౌను దీని నడుం తినకముందే ఇది బయటపడాలి. ఆ రోజు నుంచి ఆవిడకి వేరే కోరిక లేదు.

పరీక్ష ఆదివారం పొద్దున. ఆ వారం మొదట్లోనే, ఎదురు నిలబడబోయే ఆవిడ ఓసారి చూసిపోదామని వచ్చింది. సిటీ బస్సు కండక్టరు. దిట్టమైన మనిషి, నవ్వుమొహం, రోజూ జనాన్ని తోసుకుంటూ తిరిగి తిరిగి గట్టిపడ్డ భుజాలు. "ఓ పట్టు పట్టి చూడండి" అన్నాడు మాస్టారు.

కోడలు వెల్లకిలా పడుకుంది. పాదం తుంటి మీద, మణికట్టు చేతిలో, నడుం పక్కకి, కాలు భుజం మీదుగా. మంచినీళ్ళు తాగినట్టు జరిగిపోయింది. లేచి కూర్చుంది. కండక్టరమ్మ తట్టలేదు. తల లోపలికి ముడుచుకుని ముందుకి ఒక పిల్లిమొగ్గ వేసి, అవతల లేచి కూర్చుంది. మళ్ళీ పట్టింది, మళ్ళీ పిల్లిమొగ్గ. ఆ తర్వాతసారి ఆవిడ పిల్లిమొగ్గ కూడా వెయ్యలేదు. చెయ్యి వెనక్కి లాక్కుని, "కాలు వేశావు, బాగుంది తల్లీ, తర్వాతేంటి?" అని నిజంగానే అడిగింది.

"మా అత్తయ్య మీద పడుతుందండీ" అంది కోడలు.

హాలంతా గొల్లుమంది. అత్త మీదైతే ఏ కోడలికైనా పడుతుందని ఎవరో అన్నారు. మాస్టారు మాత్రం తల గోక్కున్నాడు. "పైకొచ్చాక నడుం పట్టుకోలేదేం? పట్టుకోకపోతే పిల్లిమొగ్గ వెయ్యరూ? కూర్చుని ముందుకి వంగలేదేం? పెద్దమ్మ మీద చూస్తే బాగానే ఉండేదే."

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ కోడలు ఏడవలేదు, చెవులు ఎర్రబడ్డాయంతే. ఏడవాలనిపించింది అత్తకి. బల్ల మీద తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. తను ఎప్పుడూ ముందే తట్టేస్తుంటే ఆ పిల్లకి మిగతా సగం నేర్చుకునే అవసరం ఎక్కడొచ్చింది? నడుం పట్టుకోకముందే పని అయిపోయేది, వంగకముందే పట్టు విడిపోయేది. తన గంట కాపాడుకోవడానికి కోడలి పట్టుని లోపలినుంచి గుల్ల చేసి పెట్టింది. ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

బస్సులో కోడలు తల వాల్చలేదు. "మీ మీద పడేది ఆవిడ మీద ఎందుకు పడలేదత్తయ్యా?" అంది.

"ఆవిడ లావు" అంది అత్త.

"లావుకీ దానికీ సంబంధం లేదు."

"ఉందిలే" అని మొహం అటు తిప్పుకుంది. నిజం నాలుక చివరిదాకా వచ్చి మళ్ళీ లోపలికి పోయింది. అలసట కూడా అబద్ధానికి మంచి సాయం. నోరు విప్పే ఓపిక లేనప్పుడు ఏది చెప్పకపోయినా చెల్లిపోతుంది.

కానీ ఆ రాత్రి ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. చెప్పడం తన వల్ల కాదు. తట్టకుండా ఉండడం అవుతుంది.

మర్నాడు ఇద్దరూ ముందే వెళ్ళారు. హాల్లో ఇంకా ఎవరూ లేరు. కింద కొట్లో మాస్టారు ఎవరి చక్రమో బిగిస్తున్న చప్పుడు. అత్త బెల్టు బిగించుకుని, "రా పిల్లా, నేనివాళ కండక్టరమ్మని అనుకో" అంది.

కోడలు కాలు వేసి లేచి కూర్చుంది. అత్త తట్టలేదు. తల ముడిచి ముందుకి దొర్లింది. ఆ వయసులో పిల్లిమొగ్గ అందంగా ఉంటుందని ఎవరూ అనరు, బియ్యం బస్తా దొర్లినట్టే పడింది. కుడి భుజంలో నిప్పు రాజుకుంది. లేచి కూర్చుని, "నడుం పట్టుకోలేదు నువ్వు" అంది.

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. మళ్ళీ పడుకుంది. ఈసారి పైకి రాగానే ఎడం చెయ్యి అత్త నడుం చుట్టూ వేసి బెల్టు పట్టుకుంది. అత్త దొర్లబోయింది, కుదరలేదు. మ్యాట్ మీద చెంప ఆనింది. వెనకాల చెయ్యి మెల్లిగా పైకి తిరిగింది. గొళ్ళెం పడే చోటు వచ్చింది. తట్టడానికి లేచిన ఎడం చేతిని ఆవిడ పిడికిలి బిగించి ఆపుకుంది. ఇక వంగుతుంది, ఇక తెగుతుంది, తెగితే తెగనీ అనుకుని పళ్ళు కరుచుకుంది.

కోడలు వంగలేదు. అక్కడే ఆగింది.

"తట్టండి అత్తయ్యా."

"పట్టలేదింకా. వంగు."

"తట్టండి."

"వంగమంటుంటే."

కోడలు కాలు తీసేసింది. అత్త చెయ్యి మ్యాట్ మీద వాలిపోయింది. ఆ చెయ్యిని కోడలు రెండు చేతులతో ఎత్తి, పసిపిల్ల చెయ్యి సర్దినట్టు ఆవిడ ఒడిలో పెట్టింది.

"మీ భుజం ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. నెలల నుంచీ తెలుసు. మీరు తట్టేది నేను ఆగాకే, మీరు చూసుకోలేదు."

అత్త ఒడిలో ఉన్న చేతికేసి చూసుకుంది.

"డబ్బాలు కిందికెందుకు దించాననుకున్నారు? నా సరదాకా?" అంది కోడలు. గొంతులో కోపం లేదు, నీరసమే ఉంది. "బస్సులో మీకు ఎడం పక్కనే కూర్చుంటున్నానని కూడా చూసుండరు."

నిజమే. ముందు కుడి పక్కన కూర్చునేది. ఎప్పుడు మారిందో అత్త గమనించనే లేదు. ఉప్పు డబ్బా కోసం తను మాడ్చుకున్న మొహం గుర్తొచ్చి సిగ్గేసింది.

"తెలిసినప్పుడు అడగొచ్చుగా?"

"అడిగితే మీరు మానేస్తారు. మీరు మానేస్తే నాతో ఎవరొస్తారు? ఇంట్లో మనం మాట్లాడుకుంటామా, ఏమన్నానా? ఇక్కడైనా మీ ఒళ్ళో పడి దొర్లుతున్నాను." కోడలు కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "ఇప్పుడు చూడండి నా బతుకు. నిన్న కండక్టరమ్మ మీద వంగుదామనే అనుకున్నా. ఒళ్ళు అక్కడికొచ్చి దానంతటదే ఆగిపోయింది. మీ భుజమే నా నడుముకి అలవాటైపోయింది అత్తయ్యా. దాన్ని దాటి వెళ్ళడం నాకు తెలీదు."

ఇద్దరూ ఒకరినొకరు కాచుకోబోయి ఎక్కడికి తెచ్చారో చూడండి. అత్తకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు, రెంటికీ ఓపిక లేదు. ఆఖరికి ఆవిడ లేచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చెయ్యి ముందుకు చాపింది.

"ఇది బాగానే ఉంది. దీని మీద నేర్చుకో, చివరిదాకా."

"వద్దు. ఇదీ పోతే రేపు దుప్పట్లు ఎవరు పడతారు?"

"అది నా గొడవ."

"అత్తయ్యా."

"నిన్ను పాడుచేసింది నేను. బాగుచెయ్యనీ. పడుకో."

కోడలు పడుకుంది. అటు తిప్పి చెయ్యడం కొత్త, కుడి కాలు తడబడింది, కాలు వేస్తే నడుం జారింది. పదే పదే చేశారు. చివరికి కాలు కుదిరింది, చెయ్యి బెల్టుకి అందింది, కోడలు కూర్చుంది. ఆగింది.

"వంగు" అంది అత్త మ్యాట్‌లోకి.

వంగింది. బాగున్న భుజం వేరేలా ఉంటుంది. మొదట ఏమీ లేదు, ఇంకా ఏమీ లేదు, తర్వాత ఒక్కసారిగా ఒళ్ళంతా కదలడానికి చోటు లేకుండా పోయింది. అప్పుడొచ్చింది నొప్పి. అత్త తట్టింది. భుజం పాడయ్యాక నిజంగా తట్టాల్సొచ్చి తట్టడం ఆవిడకి అదే మొదలు. కోడలు నిప్పు ముట్టుకున్నట్టు వదిలేసింది.

"అంతేనా?" అంది.

"అంతే. మళ్ళీ."

శనివారం దాకా అలాగే సాగింది. ఎడం భుజమూ పట్టేసి, లాండ్రీలో అత్త రెండు చేతులూ మోచేతుల నుంచే ఎత్తింది. అవతలి కొస పట్టే ఆవిడ, "ఏంటక్కా, దుప్పటికి జోలపాడుతున్నావా?" అంది. ఇంట్లో కోడలు ఆవిడ జుట్టు దువ్వి ముడేసింది. ఇద్దరికీ దాచడానికి ఏమీ మిగలక ఇల్లు కాస్త తేలికపడింది. ఒళ్ళు మాత్రం తేలికపడలేదు. ఆదివారం పొద్దున కాళ్ళీడ్చుకుంటూ బస్సెక్కారు.

కండక్టరమ్మ డ్యూటీ ముగించుకుని తిన్నగా వచ్చింది. కోడలు వెల్లకిలా పడుకుని పాదాలు అడ్డం పెట్టింది. అత్త బల్ల మీద కూర్చుంది. కోడలు ఎడం చేతికే గురిపెట్టింది. కండక్టరమ్మ అమాయకురాలు కాదు, రెండుసార్లు చూసి ఆ చెయ్యి ఒంటికి అంటించేసుకుంది. దొరికేది కుడి చెయ్యే. కోడలు కాస్త తటపటాయించి అదే అందుకుంది. పాదం తుంటి మీద, నడుం పక్కకి, ఎడమ కాలు భుజం మీదుగా. లేచి కూర్చుని బెల్టు పట్టేసింది. కండక్టరమ్మ పిల్లిమొగ్గకి లేవబోయి కూలబడింది.

ఆ చోటు వచ్చింది. కోడలు ఆగింది.

మాస్టారు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. కండక్టరమ్మ మోకాలు మెల్లిగా లోపలికి లాక్కుంటోంది. కోడలు తల తిప్పి బల్ల వైపు చూసింది. ఆ చూపు తన కుడి భుజం మీద పడిందని అత్తకి తెలిసింది. తను అక్కడ కూర్చున్నంతసేపూ వంగడం ఈ పిల్ల వల్ల కాదు. ఆవిడ లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా తలుపు తీసుకుని బయటికెళ్ళి మెట్ల మీద నిలబడింది.

ఆదివారం కాబట్టి కింద కొట్టు మూసి ఉంది. రబ్బరు వాసన ఉంది. అత్త గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళ కష్టమూ ఏమైందో అవతల నేల మీద తేలుతుంటే తను చూడలేకపోయింది, చూడకపోవడమే చెయ్యగలిగిన సాయం అయింది. లోపల ధబ్బుమని ఏదో పడ్డ చప్పుడు. తర్వాత ఏమీ లేదు. తర్వాత అరచెయ్యి నేలకి తగిలిన చప్పుడు, రెండుసార్లు.

ఎవరి చెయ్యో తెలియలేదు. కోడలు తిరగబడి కింద పడిందా? తట్టింది కోడలేనా? ఆవిడ తలుపు మీద చెయ్యి వేసింది గానీ తోయలేకపోయింది.

అప్పుడు లోపలినుంచి కోడలి గొంతు వినిపించింది. "నొప్పెట్టిందా అండీ?"

ఆ హాల్లో ఎవరూ అడగని మాట అది. అత్త మెట్టు మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కాసేపటికి కోడలు ఆవిడ చెప్పులు పట్టుకుని బయటికొచ్చింది. నడుముకి ఊదా బెల్టు ఉంది, కొత్తది, ఇంకా మడతలు పోలేదు. వచ్చి పక్కన కూర్చుంది.

"వంగాను అత్తయ్యా" అంది.

"విన్నాను."

"బాగా అనిపించలేదు."

"అనిపించదు. ఇక నీకు జోడీకి బోలెడు మంది వస్తార్లే" అంది అత్త, చెప్పులు వేసుకుంటూ.

"వస్తారు. మీరు ముందు డాక్టరు దగ్గరికి వస్తారు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నాకు మీ కుడి భుజం కావాలి. కొత్తవాళ్ళకి ఎక్కడ ఆగాలో చూపించాలిగా."

అత్త లేవడానికి చెయ్యి చాపింది, ఏ చెయ్యి చాపాలో తెలీక మళ్ళీ దించేసింది. కోడలు నడుం చుట్టూ చెయ్యి వేసి లేపింది.

బస్సులో సీటు దొరికింది. కోడలు ఎప్పటిలా ఎడం పక్కన కూర్చోబోయి ఆగింది. ఇప్పుడు ఆ భుజమూ బరువు మోసే స్థితిలో లేదు. కూర్చుని, తన భుజం మీద చేత్తో తట్టి చూపించింది. "ఇటు వాలండి."

"నాకు బస్సులో నిద్ర పట్టదు" అంది అత్త. రెండో స్టాపు రాకముందే నిద్రపోయింది, నోరు తెరుచుకుని.

కళ్ళు తెరిచేసరికి బస్సు ఖాళీగా ఉంది. డ్రైవరు దిగి టీ తాగుతున్నాడు. చివరి స్టాపు. దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది. కోడలు కదలకుండా అలాగే కూర్చుని ఉంది, భుజం ఒక పక్కకి ఒరిగిపోయి.

"లేపలేదేం పిల్లా?"

"మంచి నిద్రలో ఉన్నారు."

అత్త లేచి సరిగ్గా కూర్చుంది. కోడలు చెయ్యి ఎత్తబోయి, ఎత్తలేక, రెండో చేత్తో భుజం పట్టుకుంది.

"నొప్పెట్టిందా?" అంది అత్త.

కోడలు లేదనబోయి ఆగింది.

"నొప్పెట్టింది అత్తయ్యా" అంది.

అత్త తన మోచెయ్యి ఒంటికి ఆనించి పెట్టుకుని, నొప్పెట్టనంత మేరకే చెయ్యి చాపి, ఆ భుజం మెల్లిగా పిసకడం మొదలుపెట్టింది. డ్రైవరు టీ ముగించి వచ్చి, బస్సు వెనక్కి తిప్పేదాకా పిసుకుతూనే ఉంది.